ఎదురుగా ఒక్కడే ఉన్న ఏడాది

1901 వసంతంలో పారిస్ నగరం ఒక నల్లజాతి యువకుడి కోసం ఎదురుచూసింది. అతని పేరు మార్షల్ వాల్టర్ టేలర్. లోకానికి మాత్రం మేజర్ టేలర్. వయసు ఇరవై రెండు. సైకిల్ ట్రాక్ మీద అతన్ని ఓడించగలవాడు భూమ్మీద ఉన్నాడా లేడా అన్నది ఆ ఏడాది తేలాలి. తేలింది. యూరప్‌లో దిగిన పోటీల్లో చాలావాటిని గెలిచి, తిరుగు ఓడ ఎక్కాడు. అక్కడికి ముప్పై ఒక్క ఏళ్లకు చికాగోలో, బీదవాళ్ల కోసం నడిపే ఆసుపత్రి వార్డులో, అయినవాళ్లెవరూ దగ్గర లేకుండా కన్ను మూశాడు. కథ ఎక్కడికి పోతుందో ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి ఆఖర్న చూపించే కథ కాదిది. ఆ గెలుపుల్ని తలుచుకుంటున్నంతసేపూ ఆ వార్డు కూడా మన మనసులో ఉండక తప్పదు.

స్ప్రింట్ పందెం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఇతనికి జరిగిన నష్టం అర్థం కాదు. వెలొడ్రోమ్ అంటే మలుపుల దగ్గర గోడలా పైకి లేచిన చుట్టుబాట. అక్కడ మ్యాచ్ రేసులో ఉండేది ఇద్దరే. తుపాకీ పేలగానే దూసుకుపోరు. నెమ్మదిగా, దాదాపు నిలిచిపోయినట్టుగా, ఒకరినొకరు ఓరకంట కనిపెట్టుకుంటూ తిరుగుతారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వెనకవాడు ఆ వీపు చాటున బలం దాచుకుంటాడు. అందుకే నువ్వు ముందు పో అంటే నువ్వు పో అన్నట్టు సాగుతుంది మాటల్లేని ఆ యుద్ధం. ఆఖరి రెండు వందల గజాల్లో అంతా తేలిపోతుంది. ఇద్దరే ఉన్నచోట కుమ్మక్కుకు తావు లేదు.

అమెరికాలో టేలర్‌కి ఆ అదృష్టం అరుదుగా దక్కింది. అక్కడ పందెం అంటే నలుగురు, అయిదుగురు, ఒక్కోసారి ఇంకా ఎక్కువమంది. ఒకడు ముందు, ఒకడు పక్కన, ఒకడు వెనక. ముగ్గురు కూడబలుక్కుంటే చాలు, లోపలి అంచున పోతున్నవాడి చుట్టూ దడి కట్టినట్టే. ఆ దడి ప్రతి పందెంలోనూ అతని కోసమే లేచేది. దానికి చిక్కకుండా ఉండాలంటే ఒకటే దారి: చాలా ముందునుంచే, గీత ఇంకా దూరంగా ఉండగానే, అందరికంటే ముందుకు పోయి అందరి గాలీ తానే చీల్చడం. లేదంటే దడిలో సందు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని, మోచేతుల మధ్యనుంచి, పడితే ఎముకలు విరిగే చోటనుంచి దూరిపోవడం. రెండింట్లో ఏదైనా ఒంటిని అరగదీసేదే. ఫలితాల పట్టికలో ఇవేవీ కనిపించవు. అక్కడ ఉండేది మొదటి స్థానం అన్న ఒక్క ముక్క.

1878 నవంబర్ 26న ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఒకడు. తండ్రి ఒక సంపన్న తెల్ల కుటుంబం దగ్గర గుర్రబ్బండి తోలేవాడు. ఆ ఇంటి కొడుక్కి తోడుగా ఈ పిల్లవాణ్ణి ఉంచుకున్నారు, చదువు చెప్పించారు, ఒక సైకిల్ ఇచ్చారు. ఆ కుటుంబం చికాగోకి మారిపోయినప్పుడు కొడుకుని పంపడానికి తల్లి మనసు ఒప్పలేదు. సైకిల్ మాత్రం మిగిలింది. దాని మీద విన్యాసాలు చేస్తుంటే ఒక సైకిళ్ల దుకాణంవాళ్లు చూసి, సిపాయి దుస్తులు తొడిగి, దుకాణం ముందు ఆడించారు. మేజర్ అన్న పేరు ఆ దుస్తులతో వచ్చిందే.

ఇండియానాపొలిస్‌లో వ్యాయామశాల అతనికి తలుపు తియ్యలేదు. 1896లో అక్కడి ట్రాక్ మీద, పోటీ లెక్కలోకి రాని ఒక పరుగులో, తెల్లవాడి రికార్డుని దాటినందుకు ఆ ట్రాక్ కూడా తలుపు మూసుకుంది. అప్పటికే లూయీ మంగర్ అనే పాత పందెగాడు అతన్ని చేరదీసి మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కి తీసుకుపోయాడు. మంగర్ తెల్లవాడు. ఈ కథలో దయ కూడా ఉంది. ఉండబట్టే మిగతాది ఇంకా బాధగా అనిపిస్తుంది.

అదే 1896 డిసెంబర్‌లో, పద్దెనిమిదేళ్ల వయసులో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వృత్తి పోటీల్లోకి దిగాడు. ఆరు రోజుల పందెంలో నిద్ర లేక, ఆకలికి తాళలేక, కళ్ల ముందు లేనివి ఉన్నట్టు కనిపిస్తుండగా 1,732 మైళ్లు తొక్కి ఎనిమిదో స్థానంలో ముగించాడు. మరుసటి ఏడాది టాంటన్‌లో పందెం ముగిశాక బెకర్ అనే తెల్ల పోటీదారు అతన్ని సైకిల్ మీదినుంచి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. దానికి పడిన శిక్ష యాభై డాలర్ల జరిమానా. 1898లో సాధన కోసం జార్జియాలోని సవానాకి వెళ్తే, నలభై ఎనిమిది గంటల్లో ఊరు వదిలిపొమ్మని పుర్రె బొమ్మతో ఉత్తరం వచ్చింది. జాతీయ ఛాంపియన్ ఎవరన్నది ఊరూరా జరిగే పోటీల పాయింట్లతో తేలేది. దక్షిణాది ఊళ్లు అతన్ని ట్రాక్ ఎక్కనివ్వలేదు. ఎక్కనివ్వని చోట పాయింట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? 1897 అలా పోయింది. 1898 కూడా అలాగే పోయింది. ఆ రెండేళ్లూ అతని కాళ్లు అత్యంత పదునుగా ఉన్న కాలం. ఆ వయసు మళ్లీ రాదు.

1899 ఆగస్టులో మాంట్రియల్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. వేలాదిమంది చూస్తుండగా ఒక మైలు స్ప్రింట్ గెలిచి టేలర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నల్లజాతి క్రీడాకారుల్లో అంతకుముందు ప్రపంచ కిరీటం దక్కింది బాక్సర్ జార్జ్ డిక్సన్ ఒక్కడికే. కానీ ఆ ఏడాది అమెరికన్ సైకిల్ సంఘాలు రెండుగా చీలి ఉన్నాయి. పేరున్న అమెరికన్ స్ప్రింటర్లు కొందరు మాంట్రియల్‌కి రాలేదు. ఆ సాకు చాలు, కిరీటం విలువ తగ్గించి మాట్లాడేవాళ్లు మాట్లాడారు. 1900లో అమెరికా ఛాంపియన్ కూడా అయ్యాడు. వూస్టర్‌లో మంచి వీధిలో ఇల్లు కొంటే, ఆ ఇల్లు వదులుకుంటే ఎక్కువ డబ్బిస్తామని ఇరుగుపొరుగులు వచ్చారు. అతను కదల్లేదు.

అలాంటి మనిషి యూరప్‌కి రావడం రెండేళ్లు ఆలస్యమైంది. కారణం ఆదివారం. తల్లి 1898లో చనిపోయింది. ఆదివారం పందెం తొక్కనని ఆమెకి ఇచ్చిన మాట అతనికి ప్రాణంతో సమానం. యూరప్‌లో పెద్ద పోటీలన్నీ ఆదివారాలే. పది వేల డాలర్లు ఇస్తామన్నా అతను రాలేదు. చివరికి ఫ్రెంచివాళ్లే దిగివచ్చారు. పత్రికా రచయితలు రోబేర్ కొకెల్, విక్టర్ బ్రేయెర్ ఆదివారాలు లేని ఒప్పందం రాసి పంపారు. 1901 మార్చిలో అతను ఓడెక్కాడు. రోజుకూలీ మీద బతికే జనం ఆటలు చూసేందుకు వీలున్న ఆ ఒక్క రోజునీ అతని కోసం వదులుకోవడానికి ఆ దేశాల నిర్వాహకులు సిద్ధపడ్డారంటే, అప్పటికి అతని పేరు ఎంతదూరం పాకిందో ఊహించుకోవచ్చు.

అప్పుడు జరిగింది అసలు అద్భుతం. అతని చుట్టూ దడి లేదు. ఎదురుగా ఒక్కడే.

జర్మనీలో విల్లీ అరెండ్. బెల్జియంలో గ్రోన్యా. డెన్మార్క్ దిగ్గజం థోర్వల్డ్ ఎలెగార్డ్. ఒక్కో దేశం తన మేటివాణ్ణి ముందుకు తోసింది. ఒక్కొక్కరే ఓడిపోయారు. కానీ అందరూ ఎదురుచూసింది ఎడ్మండ్ జాక్లాన్ కోసం. 1900లో ఫ్రాన్స్ జాతీయ పోటీనీ, పారిస్ గ్రాం ప్రీనీ, ప్రపంచ కిరీటాన్నీ ఒక్క ఏడాదిలోనే గెలిచిన ఫ్రెంచివాడు. ఉన్నపళంగా ఎగసిపడే వేగం అతనిది. మే 16న పార్క్ దె ప్రాంస్ ట్రాక్ చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. ఆ రోజు చలి. టేలర్‌కి చలి పడదు. కండరాలు వేడెక్కితే తప్ప అతని కాళ్లు మాట వినవు. జాక్లాన్ వరసగా రెండు పరుగులూ గెలిచాడు. గెలిచి, ఓడినవాడి వైపు తిరిగి, ముక్కు మీద బొటనవేలు పెట్టి వెక్కిరించాడు.

జన్మంతా అవమానాలు దిగమింగిన మనిషి టేలర్. ఆ సైగ ముందు ఏమంత పెద్దది? అయినా అది గుచ్చుకుంది. నాకు దాని కారణం తెలిసినట్టే ఉంటుంది. ఇక్కడ ఇద్దరే ఉన్నారు, ఇక్కడ న్యాయంగా నడుస్తుంది అని అతను నమ్మిన చోట అది ఎదురైంది. మళ్లీ పోటీ కావాలని పట్టుబట్టాడు. మే 27న ఎండ కాసింది. మొదటి పరుగు టేలర్‌దే. రెండో పరుగుకి గీత మీద నిలబడ్డప్పుడు పక్కకి వంగి జాక్లాన్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అందులో కోపం లేదు, ఇది నీకు ఆఖరి పరుగు అన్న నిశ్చయం మాత్రం ఉంది. ఆ పరుగూ గెలిచాడు. నడుము దగ్గర దాచుకున్న చిన్న పట్టు జెండా తీసి ఊపుకుంటూ ట్రాక్ చుట్టూ తిరిగాడు. ఏ దేశం జెండా? హోటల్లో గది ఇవ్వని దేశానిది. దక్షిణాది ట్రాకుల గేట్లు మూసిన దేశానిది. ఆ జెండా గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు అక్కడే నిలిచిపోతుంది. పారిస్ మొత్తం తన పేరు పిలుస్తున్న ఆ గడియలో అతను తలుచుకున్నది తనని వద్దన్న ఇంటినే.

ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌గా పేరు రాసుకున్నది ఎలెగార్డ్. టేలర్ చేతిలో ఓడిన ఎలెగార్డ్. ముందుముందు మొత్తం ఆరు సార్లు ఆ కిరీటం గెలిచాడు, గొప్ప పందెగాడు, అతని ఘనత అతనిదే. టేలర్ పేరు పక్కన మాత్రం ఒక్క 1899 తప్ప ఇంకేం లేదు. రికార్డు పుస్తకాలు చదివి అతన్ని కొలిచేవాళ్లకి 1901 కనిపించదు. అది ఏ కిరీటం కిందా చేరని ఏడాది. ఆదివారాలు వదిలేసుకున్నవాడి ఏడాది.

అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఆగకపోయినా, యూరప్‌లోనే ఉండిపోయి ఉంటే? ఈ ప్రశ్న వేసుకోకుండా ఉండలేను. జూన్ చివరికి తిరిగి వెళ్లి, అలసట తీరకముందే అమెరికాలో మళ్లీ అదే దడి మధ్యకి దిగాడు.

1902 మార్చిలో డెయిజీ మోరిస్‌ని పెళ్లాడాడు. ఆ ఏడాది మళ్లీ యూరప్, మళ్లీ అమెరికా. డిసెంబర్‌కి ఆస్ట్రేలియా. హ్యూ మెకింటాష్ అనే నిర్వాహకుడు మూడు నెలలకి 1,500 పౌన్లు ఇస్తానన్నాడు. సిడ్నీలో జనం నెత్తిన పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి 1903లో మళ్లీ యూరప్. ఆ ఏడాది చివర్న మళ్లీ ఆస్ట్రేలియా. భూమికి ఈ వైపు చలికాలం వస్తే ఆ వైపు వేసవి. రెండేళ్లపాటు ఆ మనిషి జీవితంలోకి చలికాలమే రాలేదు. పందెగాడి ఒంటికి చలికాలమే అమ్మ ఒడి. అరిగింది పూడేదీ, పగిలింది అతికేదీ అప్పుడే. అతనికి అది దొరకలేదు. ఇన్ని సముద్రాలు ఎందుకు దాటాడు? పొగరు కాదు, ఆశ కూడా కాదు. తెల్లవాడికి పందాలు ముగిశాక శిక్షకుడి పనో, నిర్వాహకుడి పనో, సైకిల్ కంపెనీలో కొలువో ఉంటుంది. తనకి ఉండదని అతనికి తెలుసు. కాళ్లు ఆడినన్నాళ్లే సంపాదన.

రెండో ఆస్ట్రేలియా ప్రయాణంలో అమెరికా దడి కూడా అతని వెనకే వచ్చింది. ఫ్లాయిడ్ మెక్‌ఫార్లండ్, ఐవర్ లాసన్ అక్కడికి చేరారు. పందెం పందెంలోనూ జట్టు కట్టి అతన్ని బిగించారు. 1904 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో లాసన్ అడ్డంగా తిరగడంతో చక్రాలు తగులుకున్నాయి. టేలర్ ట్రాక్ మీద విరుచుకుపడ్డాడు. లాసన్‌కి సస్పెన్షన్ పడింది. అయినా అదే ఏడాది లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో స్ప్రింట్ కిరీటం గెలిచాడు. ఆ మనిషిని తిట్టాలని ఇది రాయడం లేదు. ఒకే ఏడాదిలో ఈ రెండు సంగతులూ పక్కపక్కన నిలబడ్డాయి, చెప్పకుండా దాటిపోవడం నాకు చేతకాలేదు.

మే 11న సిడ్నీలో కూతురు పుట్టింది. పుట్టిన ఊరి పేరే ఆమె పేరులో పెట్టుకున్నారు, రీటా సిడ్నీ అని. పసిబిడ్డతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగితే, హోటళ్లు గది లేదన్నాయి, భోజనం లేదన్నాయి. రెండు ఖండాలు చప్పట్లు కొట్టి సాగనంపిన మనిషికి సొంత దేశం పలికిన స్వాగతం అది.

అప్పుడు విరిగాడు. కాళ్లు కాదు, లోపల ఇంకేదో. ఆ ఏడాది యూరప్‌కి వెళ్లడానికి కుదుర్చుకున్న ఒప్పందం నిలబెట్టుకోలేకపోయాడు. కొకెల్ కోర్టుకి ఎక్కాడు. సైకిల్ సంఘం అతన్ని నిషేధించింది. నరాలు పూర్తిగా అలసిపోయాయని, పందెం ఊసెత్తితేనే తట్టుకోలేకపోయాడని తెలుస్తుంది. వయసు ఇరవై అయిదు. మూడేళ్లు వూస్టర్‌లో ఇంట్లో ఉన్నాడు.

అప్పుడైనా ఎవరో ఒకరు ఓ పని చూపించి ఉంటే! పందాలు పూర్తిగా మానేశాక వూస్టర్ పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ చదవాలని కూడా ప్రయత్నించాడు. హైస్కూల్ సర్టిఫికెట్ లేదన్నారు. ఆ సర్టిఫికెట్ రావాల్సిన వయసులో అతను పత్రికలు పంచుతూ, దుకాణం ముందు ఆడుతూ ఉన్నాడు. ఇక్కడ తలుపు కొంచెం తెరుచుకుని ఉంటే ఈ కథ ఇలా రాయాల్సి వచ్చేది కాదేమో.

1907లో కొకెల్‌తో రాజీ కుదిరి ఫ్రాన్స్‌కి తిరిగి వెళ్లాడు. ఒళ్లు వచ్చింది. మొదట్లో ఓటమి మీద ఓటమి. పొట్టను కరిగించి, కాళ్లను మళ్లీ అదుపులోకి తెచ్చుకుని, 1908లో నిలబడ్డ చోటునుంచి బయలుదేరే పరుగుల్లో పావు మైలు, అర మైలు ప్రపంచ రికార్డులు రెండూ సాధించాడు. కొన్నాళ్లు పాత వెలుగు కనిపించింది. అది నిలబడదని మనకి తెలుసు కాబట్టి ఆ రికార్డులు చదవడం మరీ కష్టం.

1909లో డబ్బు కోసం ఆదివారం పందెం ఒప్పుకున్నాడు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. వారంలో ఆరు రోజులు జనానివి, నిర్వాహకులవి, పందెగాళ్లవి. ఏడో రోజు ఒక్కటే అతనిది. పదివేల డాలర్లకి అమ్మనిది, పారిస్ గ్రాం ప్రీ కోసం అమ్మనిది, ప్రపంచ కిరీటాల కోసం అమ్మనిది ఇప్పుడు ఇంటి ఖర్చుల కోసం వదులుకున్నాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో రొఆన్ అనే చిన్న పట్నంలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ విక్టర్ ద్యుప్రేని ఓడించాడు. యూరప్‌లో అదే అతని ఆఖరి గెలుపు. ముప్పై ఏళ్ల వాడు, అలిసినవాడు, ఆ ఏడాది లోకంలోకెల్లా వేగవంతుడనిపించుకున్నవాణ్ణి గెలిచాడు. ఎదురుగా ఒక్కడే ఉంటే అతను గెలుస్తాడు. చివరిదాకా ఆ ఒక్కటీ మారలేదు.

1910లో ట్రాక్ వదిలేశాడు. మిగిలింది పెద్ద మొత్తమే, డెబ్భై అయిదు వేల డాలర్లని అంచనా. వాహనాల కోసం కొత్తరకం టైరు తయారుచేయాలని కంపెనీ పెట్టాడు. పోయింది. మరికొన్ని చోట్ల పెట్టిందీ పోయింది. జబ్బు చేసింది. నగలు అమ్మారు, బండి అమ్మారు, చివరికి ఇరుగుపొరుగులు ఎక్కువ డబ్బిస్తామన్నా వదలని ఆ ఇల్లూ అమ్మారు. ఇవన్నీ వివరంగా రాయాలని లేదు. పడిపోయినవాడి ఇంట్లో ఒక్కో వస్తువూ ఎప్పుడు బయటికి పోయిందో లెక్కపెట్టడం మర్యాద కాదు.

ఆత్మకథ రాశాడు. ఏళ్ల తరబడి దాచుకున్న పత్రికల కత్తిరింపులు ముందేసుకుని, పందెం తర్వాత పందెం, ఊరు తర్వాత ఊరు. ఎవరు ఎక్కడ అడ్డం వచ్చారో, ఎవరు ఎక్కడ దయ చూపారో అన్నీ ఉన్నాయి అందులో. తనని బాధపెట్టినవాళ్ల మీద పగ లేదని కూడా రాశాడు. సొంత ఖర్చుతో అచ్చువేయించి, తానే ఇంటింటికీ తిరిగి అమ్మాడు. తలుపు తట్టి, పుస్తకం చేతిలో పెట్టి, నేనే ఆ మేజర్ టేలర్‌ని అని చెప్పుకోవాల్సి వచ్చి ఉంటుంది. ఎంతమంది నమ్మారో.

1930 ప్రాంతంలో డెయిజీకీ అతనికీ మధ్య దూరం పెరిగింది. పుస్తకాల కట్టతో ఒంటరిగా చికాగో చేరాడు. నల్లవాళ్ల పేటలోని వైఎంసీఏలో గది తీసుకున్నాడు. దేశమంతా మాంద్యం. రొట్టెకే దిక్కులేని రోజుల్లో పాత సైకిల్ పందేల పుస్తకం ఎవరు కొంటారు? 1932 వసంతంలో గుండె జబ్బు తిరగబెట్టింది. ఆపరేషన్ చేశారు. కుక్ కౌంటీ ఆసుపత్రి ధర్మవార్డుకి మార్చారు. జూన్ 21న పోయాడు. వయసు యాభై మూడు. దేహం కోసం ఎవరూ రాలేదు. చికాగో దక్షిణాన మౌంట్ గ్లెన్‌వుడ్ శ్మశానంలో, దిక్కులేనివాళ్లని పాతే చోట, పేరు లేని గోతిలో పాతిపెట్టారు. అప్పటికి రీటాకి ఇరవై ఎనిమిదేళ్లు.

పదహారేళ్ల తర్వాత, 1948 మే నెలలో, కొందరు మాజీ పందెగాళ్లు వచ్చి ఆ గోతిని వెతికించి, శవపేటికను పైకి తీయించి, అదే శ్మశానంలో మంచి చోట మళ్లీ పూడ్చారు. కంచు ఫలకం మీద అతని పేరు చెక్కించారు. ఖర్చు పెట్టింది సైకిళ్ల కంపెనీ యజమాని ఫ్రాంక్ ష్విన్. మంచి పని. చేసినవాళ్లందరికీ చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. ఆ కంపెనీ ఉన్నదీ చికాగోలోనే. టేలర్ చంకలో పుస్తకాలు పెట్టుకుని వీధుల వెంట తిరిగిన ఆ రెండేళ్లూ, అదే ఊళ్లో, సైకిళ్లు తయారవుతూనే ఉన్నాయి.